పది బోల్టుల మూత

మంగళవారం పొద్దున తొమ్మిది గంటలకి ఆ బండి వచ్చింది. వెనక చక్రాలు బిగుసుకుపోయాయి గనక తోక పైకెత్తి ట్రాక్టరుకి గొలుసులతో కట్టి, ముందు చక్రాల మీద వెనక్కి నడిపించుకుంటూ తీసుకొచ్చారు. ఆ సమయానికి కృపానందం తన షెడ్డులో ఇటుకల లారీ కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. చక్రాల సందులోంచి ముందుగా ట్రాక్టరు టైర్లు కనిపించాయి. తర్వాత గాలిలో వేలాడుతున్న ఒక ఇరుసు, దాని పక్కన బురదరేకు మీద తెల్లరంగుతో గీసిన చేప బొమ్మ కనిపించాయి. చేతిలో పానాని చప్పుడు కాకుండా గుండెల మీద పెట్టుకుని, ఈ బండి ఇంకో మేస్త్రీ దగ్గరికి పోతే బాగుండునని చూశాడు. బందరులో మేస్త్రీలకి కొదవా? అది మాత్రం అక్కడే ఆగింది.

"ఏవోయ్ కృపానందం, ఉన్నావా?"

గోవర్ధనరావుగారి గొంతు. దివిసీమలో, హంసలదీవి దారిలో ఆయనకి రొయ్యల చెరువులున్నాయి. గట్ల మీద, సముద్రపు ఇసకలో, పాయల్లో తిరగటానికని నాలుగు చక్రాలూ లాగే ఈ బండి కొన్నారు. తెల్లమచ్చల తెగులొచ్చి చెరువులు ఎండగట్టాక, బాగుచేయించేవాళ్ళు లేక రెండేళ్ళ నుంచీ పాకలో పడుంది. ఇప్పుడు మళ్ళీ రొయ్యపిల్లల్ని వదులుతున్నారు.

కృపానందం లారీ కింద నుంచి పాక్కుంటూ బయటికొచ్చాడు. యాభై రెండేళ్ళ మనిషి, లేచి నిలబడటానికి లారీ చక్రాన్ని పట్టుకున్నాడు.

"పళ్ళచక్రాల సెట్టు కొత్తది వేసెయ్. వెనక మూత కూడా మార్చు," అన్నారు గోవర్ధనరావుగారు. "ఆ కంపెనీ రేకు మూత మనకొద్దు. బయట రకరకాలవి వస్తున్నాయంట కదా, గట్టిది చూడు. గుడివాడ వెళ్ళి నువ్వే చేత్తో పట్టుకుని చూసి తీసుకురా. ఇదిగో, ఇతను హరిబాబు. పెద్దిరాజు బావమరిది. ఇక నుంచి ఇతనే తోలతాడు."

ముప్పయ్యేళ్ళ హరిబాబు చేతులు కట్టుకుని ట్రాక్టరు పక్కన నిలబడ్డాడు. గోవర్ధనరావుగారు అతని భుజం మీద చెయ్యేసి నవ్వుతూ అన్నారు. "నువ్వూ వెళ్ళి నేర్చుకో. మీ బావలాగా ఆయిలుందో లేదో చూసుకోకుండా తోలి, బండినీ చంపి నువ్వూ చావకు."

హరిబాబు తలొంచుకుని "అలాగేనండి" అన్నాడు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. పెద్దిరాజుకి ఆ పాటి మర్యాద కూడా దక్కలేదు. రెండేళ్ళ కిందట ఒక ఆదివారం మధ్యాహ్నం, హంసలదీవి దగ్గర పాయ దాటుతుంటే ఈ బండి వెనక చక్రాలు ఉన్నట్టుండి బిగుసుకుపోయాయి. పోటు వస్తోంది. బండిలో ఉన్న ఇద్దరు కూలీలని ముందు ఒడ్డుకి పంపేసి, తను బండిని కదిలించాలని చూస్తూ నీళ్ళలో ఉండిపోయాడు. ఆయిలు చూసుకోని డ్రైవరు అని లోకం తీర్మానం చేసింది. అతను ఒడ్డుకి పంపిన కూలీల ఇళ్ళవాళ్ళే "మా పిల్లల్ని చంపబోయాడు" అని అతని పెళ్ళాం మొహం మీద అన్నారు.

దహనం దగ్గర గోవర్ధనరావుగారు కృపానందాన్ని పక్కకి పిలిచి ఒకే ఒక్క మాట అడిగారు. "బండిలో ఏదో తేడాగా ఉందని వాడు నీకెప్పుడైనా చెప్పాడా?"

"లేదండి," అన్నాడు కృపానందం.

ఆ మాట అబద్ధం. ఆ సంగతి తనకీ, కాలిపోతున్న వాడికీ తప్ప ఇంకెవరికీ తెలియదని అప్పుడనుకున్నాడు.

మధ్యాహ్నం అతని పెళ్ళాం ఎస్తేరు క్యారేజీ తెచ్చింది. దాంతోపాటు బట్టలసబ్బు బిళ్ళ ఒకటి గట్టు మీద పెట్టింది. కృపానందం దాన్ని చూసి పక్కకి జరిగాడు.

"సబ్బు షెడ్డులోకి తేవద్దని చెప్పానా?"

"రెండేళ్ళ నుంచీ రంపప్పొట్టుతో రుద్దుకుంటున్నారు. ఆ చేతులు చూసుకోండి, ఎండిన చేపల్లా పగిలిపోయాయి. సబ్బు మిమ్మల్నేం చేసిందండీ?"

రోడ్డు మీద ఏదో బండి రెండుసార్లు పొట్టిగా హారను కొట్టింది. పెద్దిరాజు అలాగే కొట్టేవాడు, దిగే ఓపిక లేనట్టు. నోట్లో ముద్దతోనే కృపానందం లేచి నిలబడి రోడ్డు వంక చూశాడు. ఉల్లిపాయల వ్యాను. ఎస్తేరు ఆ వ్యానునీ, మొగుడి మొహాన్నీ మార్చి మార్చి చూసి, సబ్బుబిళ్ళ తీసుకుని కొంగున కట్టుకుంది.

*

బుధవారం బస్సెక్కి గుడివాడ వెళ్ళారు. కోటేశ్వరరావు స్పేరు పార్టుల కొట్లో బల్ల మీద మూడు మూతలు వరసగా పెట్టాడు. బండి వెనక ఇరుసు మధ్యలో కుండంత ఉబ్బు ఉంటుంది. చక్రాలకి బలం పంచే పళ్ళచక్రాలు అందులో ఆయిల్లో మునిగి తిరుగుతాయి. ఆ ఉబ్బుకి వెనకవైపు పది బోల్టులతో బిగించే మూత ఇది. పాయ దాటేటప్పుడు రాయి తగిలినా, ఉప్పునీరు కొట్టినా ముందు దెబ్బ దీనికే.

"ఇది కంపెనీ రేకుది. మీకు తెలిసిందే. ఇది అల్యూమినియం, ఢిల్లీ సరుకు. చూడండి మేస్త్రీగారూ, వెండిపళ్ళెంలా లేదూ? పక్కటెముకల్లాగా ఈ గీతలున్నాయి కదా, వాటివల్ల వేడి లాగేస్తుంది. ఇది పోతఇనుము, కోయంబత్తూరు నుంచి వచ్చింది. మొరటు సరుకు. మూడు నెలలుగా ఇక్కడే పడుంది, ఎవరూ అడగటంలేదు."

హరిబాబు చెయ్యి వెండిపళ్ళెం మీదికే పోయింది. ఎవరికైనా పోతుంది. కృపానందం ముందుగా రేకుమూత తీసుకుని వేలితో మీటాడు. కంచం చప్పుడు చేసింది. దాని అడుగుభాగం మీద బొటనవేలు పెట్టి కాసేపు అలా ఉండిపోయాడు. పెద్దిరాజు బండి మూతకి అక్కడే చిల్లు పడింది, సరిగ్గా అక్కడే. తుప్పు తిని, కందిగింజంత.

"అది వద్దు," అని పక్కకి నెట్టాడు.

అల్యూమినియంది అటూ ఇటూ తిప్పాడు. "ఇదీ వద్దు హరీ. ఉప్పునీళ్ళలో ఇనపబోల్టుల పక్కన ఇది నిలవదు. బోల్టు చుట్టూ తెల్లపిండి రాలుతుంది. రెండు వానాకాలాలు పోయేసరికి బోల్టు తియ్యబోతే మూత అంచే ఊడి చేతికొస్తుంది. గుడివాడ రోడ్ల మీద తిరిగేవాడికి ఇది బంగారం. మనకి కాదు."

పోతఇనుముది ఎత్తటానికి రెండు చేతులూ కావలసివచ్చింది. బోల్టుతో కొడితే గుడిగంటలా కాకుండా, బరువుగా 'డప్' అంది. కోటేశ్వరరావు గాజుబీరువా పై అద్దం మీద దాన్ని బోర్లించి, చుట్టూ కాగితం ముక్క దూర్చి చూశాడు కృపానందం. రెండుచోట్ల కాగితం లోపలికి పోయింది.

"అంచు సమంగా లేదుగా బాబాయ్," అన్నాడు హరిబాబు.

"అరగదీసుకోవచ్చు. ఒక రోజు పని. అంచుదేముంది, అది మన చేతిలోది." దాని వెనక నడుముకి కాస్త పైగా ఉన్న మరని చూపించాడు. "ఇదిగో, దీనికోసం చూస్తున్నాను. ఈ మర విప్పి నీ వేలు లోపల పెట్టు. తడి తగిలితే ఆయిలున్నట్టు. వేలికి తెల్లగా అంటితే నీళ్ళు చేరినట్టు. మేస్త్రీ దగ్గరికి రానక్కర్లేదు, వాడి కాళ్ళు పట్టుకోనక్కర్లేదు. రోజూ పొద్దున నువ్వే చూసుకోవచ్చు."

హరిబాబు మర విప్పి వేలు పెట్టి తీశాడు. ఖాళీ మూతే అయినా ఆ వేలిని కాసేపు చూసుకున్నాడు.

"మా బావ బండికి ఇలాంటిది లేదా?"

"లేదు. ఆయిలు పోసే మర పైన ఉంటుంది, అక్కడ వేలందదు."

"మరి ఆయనకెలా తెలుస్తుంది, లోపల ఏముందో?"

కోటేశ్వరరావు పళ్ళచక్రాల సెట్టు డబ్బా పక్కన పెట్టి, మూతని గోనెసంచిలో చుడుతూ ఇద్దరినీ చూశాడు. కృపానందం పురికొస ముడి వెయ్యటంలో మునిగిపోయాడు, వేసిన ముడి మీదే ఇంకో ముడి వేశాడు.

తిరుగు బస్సులో మూత ఇద్దరి కాళ్ళ మధ్యా ఉంది. పెడన దాటాక హరిబాబు కిటికీలోంచి చూస్తూనే మొదలుపెట్టాడు. "మా అక్క కుళాయి దగ్గరికి అందరూ వెళ్ళిపోయాక వెళ్తుంది బాబాయ్. బావ పోయినందుకు కాదు, పోయాక అన్న మాటలకి. ఆయిలు చూసుకోనోడి పెళ్ళాం అంటారు. నేనీ బండెక్కుతానంటే మూడు రోజులు నాతో మాట్లాడలేదు. మా బావ అలాంటోడు కాదురా, చెప్పుకి మేకు దిగినా ఆగి చూసుకునే మనిషి అంటుంది. మరి ఆయిలెలా పోయిందే అంటే ఏడుస్తుంది."

కృపానందం నోరు తెరిచాడు. ఆ ఆదివారానికి ముందటి శనివారం సాయంత్రం మళ్ళీ చెవిలో పడింది. తను ఏదో లారీ కింద ఉన్నాడు, కాళ్ళు మాత్రమే బయటికి. రెండు పొట్టి హారన్లు. తర్వాత పెద్దిరాజు వంగి, చక్రాల సందులోంచి మొహం పెట్టి, 'బాబాయ్, నువ్వు పెట్టిన సబ్బు కరిగిపోయింది. ఆయిలు మజ్జిగలాగా తెల్లగా వస్తోంది. ఒక్కసారి చూడవా' అన్నాడు. తను ఆ మొహం వంక కూడా చూడలేదు. 'రేపు ఆదివారం, గుడికి పోవాలి. సోమవారం రా' అన్నాడు.

బస్సు బందరు చేరింది. నోరు తెరిచినవాడు తెరిచినట్టే మూసుకున్నాడు.

*

గురువారం పాత మూత విప్పాలి. కృపానందం దానికి బదులు మిగతా పనులన్నీ చేశాడు. కొత్తదాన్ని అద్దంపలక మీద బోర్లించి, వాల్వులు అరగదీసే ముద్ద రాసి, ఎనిమిది అంకె ఆకారంలో తిప్పుతూ పది గంటలదాకా రుద్దాడు. చెమట అద్దం మీద పడితే తుడిచి మళ్ళీ రుద్దాడు. కాగితం ఎక్కడా దూరకుండా అయ్యాక ఇక సాకులు మిగల్లేదు.

బండి వెనక నేల మీద చతికిలబడ్డాడు. మొదటి బోల్టు రాలేదు. కిరసనాయిలు పోసి కాసేపాగి మళ్ళీ పానా వేశాడు. తొమ్మిది విప్పాక, పదోదాన్ని సగం వదులు చేసి, మూత కిందికి డొక్కుపళ్ళెం తోశాడు. చిక్కగా, మురిగిన మజ్జిగలా కారింది. ఉప్పు వాసన, మాడిన ఆయిలు వాసన కలిసి ముక్కులకి తగిలాయి. రెండేళ్ళు ఆ కడుపులో దాక్కున్న సముద్రం కదా, అంత తొందరగా ఖాళీ అవలేదు.

మూత ఊడొచ్చాక పైన ఎండి పేరుకున్న బురదని పాతగుడ్డతో తుడిచాడు. తనకి ఏం కనిపించాలో తెలుసు. కందిగింజంత చిల్లు, దాని అంచున ఎక్కడో తను కూరిన సబ్బు మరక. పెట్రోలు ట్యాంకులకి బందరులో మేస్త్రీలంతా చేసే చిట్కానే. చిల్లులో బట్టలసబ్బు కూరితే వారం పదిరోజులు లాగుతుంది. ట్యాంకుకి పెట్రోలు తప్ప వేరేది తగలదు. ఈ బండి రోజూ పాయలో ఈదుతుంది. ఆ తేడా ఆ క్షణాన తన బుర్రకి తట్టలేదు. చేతికి అలవాటైన పని బుర్రని అడగదు.

తుడిస్తే చిల్లు కనిపించలేదు. దాని మీద రూపాయి బిళ్ళంత బూడిదరంగు లప్పం గట్టిగా అతుక్కుని ఉంది. రెండు ముద్దలు కలిపి పూస్తే రాయిలా బిగుసుకునే రకం. తను పెట్టింది కాదు. కృపానందం కళ్ళజోడు పెట్టుకుని వెలుతురులోకి వంచాడు. లప్పం మధ్యలో బొటనవేలి గుర్తు ఉంది. గీతగీతా స్పష్టంగా, ఆ గీతల్ని అడ్డంగా కోస్తూ ఒక గాటు.

మూతని ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఏంటి బాబాయ్?" హరిబాబు వెనక నుంచి వంగి చూశాడు. చూసినవాడు అక్కడే కూలబడ్డాడు. "ఇది మా బావ వేలు. వల లాగుతుంటే నైలాను తాడు కోసింది. కుట్లు వేయించుకోమంటే వినలేదు. అన్నం కలిపేటప్పుడు ఆ గాటు కనిపించేది..." వేలు ముందుకి చాపి, తాకకుండా వెనక్కి తీసుకున్నాడు. "అంటే ఆయన చూశాడు. చిల్లు ఉందని తెలుసు. తనే లప్పం కొనుక్కొచ్చి పెట్టుకున్నాడు."

"ఆయిలు కూడా పోసుకునే ఉంటాడు," అన్నాడు కృపానందం. "కానీ అప్పటికే ఉప్పునీరు లోపలికి పోయి బేరింగులు తినేసింది. విప్పి కడగాలి. అది డ్రైవరు చేతిలో పని కాదు."

"మరి ఎవరికీ చెప్పలేదా? ఇంత చూసుకున్నవాడు ఎవరికో ఒకరికి చెప్పకుండా ఉంటాడా?"

కృపానందం మూత మీది నుంచి కళ్ళెత్తలేదు. ఆ వేలిగుర్తు తన వైపే చూస్తున్నట్టుంది. రెండేళ్ళు హారన్లకి ఉలిక్కిపడినవాడికి, ఇప్పుడు అసలువాడే వచ్చి ఒళ్ళో కూర్చున్నట్టయింది.

"చెప్పాడు," అన్నాడు. "నాకే చెప్పాడు. శనివారం సాయంత్రం. ఆ చిల్లులో సబ్బు కూరింది నేనే. సోమవారం రమ్మన్నదీ నేనే. తర్వాత అడిగితే, చెప్పలేదన్నదీ నేనే."

హరిబాబు కొడతాడనుకున్నాడు. కొడితే బాగుండుననుకున్నాడు. అతను లేచి, చేతులకంటిన మడ్డిని తుడుచుకోకుండానే రోడ్డెక్కి వెళ్ళిపోయాడు.

*

మూడు గంటలకి గోవర్ధనరావుగారు పని చూసుకోవటానికి వచ్చారు. కృపానందం పాత మూతని చేత్తో పట్టుకుని లేచి నిలబడ్డాడు. కూర్చుంటే చెప్పలేననిపించింది.

"అయ్యా, ఆ రోజు మీరడిగితే అబద్ధం చెప్పానండి. పెద్దిరాజు నాకు చెప్పాడండి. నేనే పట్టించుకోలేదు. ఇదిగో చూడండి, తనే లప్పం పెట్టుకున్నాడు. అతను ఆయిలు చూసుకోని మనిషి కాదండి."

గోవర్ధనరావుగారు వేలిగుర్తుని చూశారు. కళ్ళజోడు తీసి పంచెకొంగుతో తుడుచుకున్నారు.

"తెలుసులేవోయ్," అన్నారు.

"ఏంటండి?"

"నీ దగ్గర నుంచి వాడు నా దగ్గరికే వచ్చాడు. మేస్త్రీ సోమవారం రమ్మన్నాడండీ, రేపు బండి తియ్యనండీ అన్నాడు. రొయ్యపిల్లలు చచ్చిపోతాయిరా, ఈ ఒక్క ట్రిప్పు వెయ్యమన్నాను."

కృపానందానికి ముందు అర్థంకాలేదు. అర్థమయ్యాక అడిగాడు. "మరి నన్నెందుకు అడిగారండి, వాడు నీకేమన్నా చెప్పాడా అని?"

"నువ్వేమంటావో చూద్దామని." ఆయన గొంతులో కోపం లేదు, సిగ్గు కూడా లేదు. "లేదండి అన్నావు. ఇద్దరికీ సరిపోయింది. పోయినవాడు ఎలాగూ పోయాడు, ఇప్పుడా గోలెందుకు? ఆ మూత పాత ఇనుములో పడేసి బండి రేపటికి తయారుచెయ్."

కారు వెళ్ళిపోయింది. ఈ మనిషికి భయపడి, ఈ ఇంటి పని పోతుందని తను ఆ అబద్ధం చెప్పాడు. ఆ రోజు ఈ మనిషి కూడా తనకి భయపడ్డాడన్న మాట. పొగ మొహానికి తగులుతుంటే, తను 'ఔనండి' అంటాడేమోనని లోలోపల వణికిపోతూ అడిగాడన్న మాట. ఒక్క 'ఔను'తో పెద్దిరాజు పేరు నిలిచేది. తన 'లేదు' పోయి ఈయనకి గొడుగు పట్టింది. కృపానందానికి తన మీద తనకి పుట్టిన అసహ్యం అంతా ఇంతా కాదు. పాత మూతని గోనెసంచిలో చుట్టి, పురికొసతో కట్టి, డ్రైవరు సీటు వెనక పెట్టాడు.

*

శుక్రవారం పొద్దున హరిబాబు వచ్చాడు. పలకరించలేదు, ఆయిలు డబ్బా మాత్రం పట్టుకున్నాడు. ఇద్దరూ కలిసి కొత్త సెట్టు ఎక్కించి, ప్యాకింగు పెట్టి, ఎదురెదురు బోల్టులు ఒకటి తర్వాత ఒకటి బిగించారు. ఆయిలు పోశాక హరిబాబు మర విప్పి వేలు పెట్టి తీశాడు. రెండో కణుపుదాకా తేనెరంగు తడి. అది కృపానందానికి చూపించాడు.

పని అయ్యేదాకా చెప్పకుండా ఆగిన కృపానందం అప్పుడు గోవర్ధనరావుగారి మాట కూడా చెప్పాడు. హరిబాబు విన్నాడు. బండి తాళం అరచేతిలో తిప్పాడు.

"ఇదంతా నేను మా అక్కకి చెప్పను. మీరే చెప్పండి. ఎక్కండి."

చల్లపల్లి, మోపిదేవి, పులిగడ్డ దాటి, అవనిగడ్డ మీదుగా కోడూరు వెళ్ళారు. హంసలదీవికి ఇవతల జాలరి గుడిసెల దగ్గర బండి ఆగింది. వీరలక్ష్మి వాకిట్లో ఎండుచేపలు తిరగేస్తోంది. బురదరేకు మీద తన మొగుడు గీసిన చేపని చూసి, చేతిలో చాట అలాగే పట్టుకుని నిలబడిపోయింది.

కృపానందం సంచి విప్పి మూతని అరుగు మీద పెట్టాడు. వేలిగుర్తు చూపించాడు. చెప్పాడు. సబ్బు సంగతి, సోమవారం రమ్మన్న సంగతి, తన 'లేదండి', గోవర్ధనరావుగారి 'తెలుసులేవోయ్', ఏదీ దాచలేదు. ఆమె ఏడవలేదు, తిట్టలేదు. లప్పం మీద గాటుని గోటితో ఒకసారి రాసింది. తర్వాత దడి దగ్గరికి వెళ్ళి గొంతెత్తి పిలిచింది.

"ఒదినా, ఒకసారి ఇటు రా. మేస్త్రీగారు ఏదో చెప్తాడంట."

పక్కింటావిడ వచ్చింది. "చెప్పండి," అంది వీరలక్ష్మి. కృపానందం మళ్ళీ మొదటి నుంచి చెప్పాడు. చెప్పటం అయ్యేలోపే ఆమె ఇంకొకరిని పిలిచింది. ఆ రోజు ఒడ్డుకి చేరిన కూలీల్లో ఒకడు, శోభనాద్రి, తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. "మావాణ్ణి చంపబోయాడు" అన్న తల్లి ఆవిడే. "చెప్పండి." చెప్పాడు. కుళాయి దగ్గరివాళ్ళు వచ్చారు. వల కుడుతున్నవాళ్ళు సూదులు వదిలేసి వచ్చారు. "చెప్పండి." గొంతు బొంగురుపోయింది. ఎవరో చెంబుతో నీళ్ళివ్వబోతే, వీరలక్ష్మి ఆ చెంబు అందుకుని "ఆయన చెప్పాక తాగుతాడు" అంది. అదీ న్యాయమేననిపించింది అతనికి. ఆ ఇంటి పని ఇక తనకి రాదు, ఈ మాట సాయంత్రానికి గోవర్ధనరావుగారికి చేరుతుంది. చేరనీ అనుకున్నాడు.

చివరికి అందరినీ తప్పించుకుంటూ పెద్దిరాజు తల్లి సత్యవతమ్మ కర్ర ఊతంతో వచ్చి అతని ముందు కూర్చుంది. ఆమెకి చెవులు వినిపించవు. చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "ఏంటి నాయనా అంటున్నావు?" అంది.

కృపానందం ఆమె చెవి దగ్గరికి వంగి అరిచాడు. "నీ కొడుకు చెప్పాడమ్మా! ముందే చూసుకున్నాడు, ముందే చెప్పాడు! తప్పు వాడిది కాదు, మాది!"

ఆ అరుపు గుడిసెలన్నిటికీ వినిపించింది. దూరంగా గట్టు మీద పోతున్నవాళ్ళు కూడా ఆగారు. ముసలామె తల ఊపింది. ఇందులో కొత్త ఏముందన్నట్టు అతని పగిలిన చేతుల్ని చూసింది.

"చెప్పే ఉంటాడు, నాకు తెలియదా," అంది. తర్వాత చుట్టూ నిలబడ్డవాళ్ళ వైపు కర్ర చూపించింది. "వీళ్ళకి చెప్పు. ఇంకొంచెం గట్టిగా."